పిగిలిపిట్ట తోకకింది సమరం

సూర్యభగవానుడు ఇంకా ముఖం కడుక్కుంటున్న వేళ, మూడంతస్తుల మేడ నెత్తిన, ఆరు దండేల మీద ఆరు సేనావ్యూహాలుగా హోటలువారి తెల్లదుప్పట్లు బారులు తీరిన రణరంగాన, ముప్పై ఏళ్ళుగా పక్షికులాన్ని గడగడలాడించిన వీరాంగన, ధవళవస్త్రసంరక్షణధురంధర, లాండ్రీ అత్త నిలిచి ఉన్నది, వినండయ్యా.

ఆ మహాతల్లి అస్త్రం ఒక్కటే: "హుష్". కాకి వాలినా, పావురం వాలినా, బుర్రకు తెలియకముందే నోట్లోంచి దూసుకుపోయే బాణం అది. దానికి గురి తప్పింది లేదు, దండెం మీద పిట్ట మిగిలింది లేదు.

చిత్రం చూడండి. మోకాళ్ళు మొరాయించి, ఉతుకు కోడలికప్పగించి సూది పట్టాక, అత్త చేతికి పిట్టలు తప్ప మరొకటి రాలేదు. గుడ్డ మీది పిట్ట ఎగిరిపోదు గదా. పదకొండు కుట్టింది. పన్నెండోది పిగిలిపిట్ట. నల్లని కిరీటం అయింది, బూడిదరంగు పొట్ట అయింది, తోక కింద చింతగింజంత జాగా మాత్రం, అక్కడి రంగేమిటో తెలియక, వట్టిగా మిగిలింది. రేపు పొద్దున గ్రంథాలయం హాల్లో ఆడవాళ్ళ కుట్టుపనుల ప్రదర్శన. ఆ గుడ్డ గోడకెక్కాలి. నాలుగు రోజులుగా పిట్ట వాలడం, అత్త నోరు "హుష్" అనడం, తోక తిరిగేలోపు ఆకాశం ఖాళీ కావడం.

"ఫోనులో ఉంటుందత్తయ్యా, చూపించనా?" అంది కోడలు.

"ఫోనులో పిట్ట నన్ను చూసి పారిపోదు. అదేం చూడటమే?"

మామ పేపరు దించకుండానే, "నోటికి ప్లాస్టరు వేసుకో. ఇంటిక్కూడా మేలు," అన్నాడు.

అప్పుడా రోషారుణనేత్ర, కొంగు బిగించి పలికింది గదా: "మాటల కుప్పా, విను. ముప్పై ఏళ్ళు తరిమాను. ఒక్కదాన్నీ నిలబెట్టి చూడలేదు. ఇవాళ దాని తోక చూడకుండా మెట్లు దిగితే, మళ్ళీ సూది ముట్టను."

అని, వెనుకటి రోజుల్లో ఇస్త్రీబట్టల మీద నోటితో నీళ్ళు చిమ్మిన ప్రాచీనవిద్యను స్మరించి, చెంబెడు నీళ్ళలో సగం పుక్కిట పట్టింది.

పిట్ట వాలింది. నాభిలో పుట్టిన హుష్ గుండె దాటి, గొంతు దాటి, దంతదుర్గద్వారం దాకా దండెత్తి వచ్చి, అక్కడి జలరాశిలో బుడుబుడుమని మునిగింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిట్ట మెడ వంచి ఆమెను చూసింది. ఆమె పిట్టను చూసింది. ఇంతకాలంలో ఇదే మొదలు.

అది మెల్లగా వెనుదిరిగి తోకెత్తింది. ఎరుపు. దానిమ్మగింజ ఎరుపు.

ఆ ఎరుపులోంచే, అప్పుడే ఉతికిన దుప్పటి మీదకు, తెల్లగా ఒకటి జారింది.

అయినా అత్త నోరు తెరవలేదు. మేరువు కదిలినా ఆ పెదవి కదలలేదు. పిట్ట తన పని ముగించుకుని, తనకు తోచినప్పుడు, తీరిగ్గా ఎగిరిపోయింది.

సరిగ్గా అప్పుడే, కిందికి దిగిపోయిన మామ మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. "కనిపించిందా?"

లోపల కాచుకున్న హుష్ కాస్తా, సగం చెంబు నీళ్ళతో సహా, ఆయన ముఖాన పడింది.

"నేనేం పిట్టనా?" అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"పిట్టే నయం. కాసేపు నోరు మూసుకుని కూర్చుంది. ఎర్రదారం అందుకో."

అట్లా అయిదే అయిదు కుట్లతో ఆ మహాసంగ్రామం సమాప్తమైంది. దుప్పటి మళ్ళీ ఉతుక్కు పోయింది. ఈ కథ చెవిన పడ్డవారి దండెం మీద వాలిన పిట్ట, తన పని కానిచ్చుకునే పోవుగాక.