ఆరు కిలోమీటర్ల చుట్టుకొలత గల ముసలి చెట్టు

ప్రపంచంలో ఉన్న ప్రతిదానికీ ఫారంలో ఒక గడి ఉంటుంది; గడి లేనిది ప్రపంచంలోనే లేదు. కార్బన్ నిల్వల నమోదు కార్యాలయం ఈ సత్యాన్ని కనిపెట్టి పదకొండేళ్లయింది. (అంతకుముందు ప్రపంచం ఎలా నడిచిందో చెప్పే ఫైలు దొరకడం లేదు.)

ఆ కార్యాలయం కింద అడవికి కాపలా ఉండే ఆవిడ ఒకరున్నారు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి అందరూ టేపక్క అంటారు. చెట్టు గాలిలోంచి లాక్కున్న కార్బన్ కొంత మానులో, కొంత రాలిన ఆకుల్లో, అవి కుళ్లి కలిసిపోయిన నేలలో బోలెడంత దాగి ఉంటుందని శిక్షణలో చెప్పారు. ఆమె నమ్మింది. ఉద్యోగంలో ఆమె చేసిన మొదటి పొరపాటు అదే.

ఆ ఏడాది మానులన్నీ కొలిచింది. నేల మీద చదరపు చట్రం పెట్టి, అందులో పడ్డ ఆకులు ఏరి, ఆరబెట్టి తూచింది. మోకాళ్ల మీద కూర్చుని ఇనుప గొట్టం దిగ్గొట్టి మట్టి తీసింది. తీరా ఫోనులో కార్యాలయం వారి యాప్ తెరిస్తే ‘చెట్టు’ అనే గడి ఒక్కటే ఉంది.

పట్టేసిన నడుంతోనే వెళ్లి కార్యాలయంలో మూడో కిటికీ దగ్గర నిలబడింది.

“సార్, ఆకులెక్కడ రాయాలండీ?”

“చెట్టు మీదున్నవా, కింద పడ్డవా?” అన్నాడు గుమాస్తా.

“కింద పడ్డవండీ.”

“కింద పడితే చెత్తేగా అమ్మా! చెత్తయితే తగలబెట్టాలి. రూలుంది.”

“తగలబెడితే అందులో ఉన్నదంతా గాల్లోకి పోదుటండీ?”

“గాలి మా పరిధిలోకి రాదు.”

“మరి నేలండీ?”

గుమాస్తా తెర మీద పైకీ కిందకీ వెతికాడు. “నేలకి గడి లేదు. అంటే అనుమతి లేకుండా ఉందన్నమాట. మంచి పని చేశారు, చెప్పారు.”

వారం తిరక్కుండా ఉత్తరువు వచ్చింది. పదిహేను రోజుల్లో ఆకులు తగలబెట్టాలి, అనుమతి లేని నేలను తవ్వి తీసేయాలి.

ఆ రోజు టేపక్కకి ముద్ద దిగలేదు. బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఓరగా చూసింది.

“ఏమే, ఎవరైనా పోయారా?”

“ఇంకా లేదు అత్తయ్యా” అని కోడలు సంగతంతా చెప్పింది.

“ఓస్, ఇంతేనా! చెట్టుకి గడి ఉందన్నావుగా. రాలినంత మాత్రాన ఆకు పరాయిదైపోతుందిటే? పడుకున్న చెట్టని రాసెయ్.”

“మరి నేలో?”

“అదీ చెట్టే. నాలాగా ముసలిదైపోయింది, ఎవరూ గుర్తుపట్టట్లేదు.”

టేపక్క అలాగే రాసింది. పడుకున్న చెట్లు: అనేకం. ముసలి చెట్టు: ఒకటి. వయసు: మూడొందలేళ్ల పైమాటే. చుట్టుకొలత: ఆరు కిలోమీటర్లు. ఎత్తు: సున్నాకి కింద ఒక మీటరు. యాప్ ఆకుపచ్చ టిక్కు పెట్టి అభినందించింది. ఉత్తరువు రద్దయింది. ఆ పూట ఆమె రెండు పూటల అన్నం తింది.

అయితే ఇంత చెట్టు తమ హయాంలో పెరిగిందని కార్యాలయం మురిసిపోవడం నెల రోజులే సాగింది. మూడొందలేళ్లు దాటిన చెట్టు జనం మీద పడే ప్రమాదం ఉంది కనుక కొట్టేయాలని మరో రూలు బయటపడింది. (నేల ఎవరి మీద పడగలదో అందులో వివరించలేదు.)

కోత మిషను భుజాన వేసుకుని రంపపాయన వచ్చాడు.

“ఏదక్కా ఆ చెట్టు?”

“నువ్వు నిలబడ్డావు చూడు, అదే.”

అతను కిందకి చూశాడు. ఒక కాలెత్తి, మళ్లీ దించాడు. పని తెలిసిన మనిషి.

“ఎటువైపు పడేట్టు కొయ్యమంటావు?”

టేపక్క నాలుగు దిక్కులూ చూసింది. చివరికతను ‘చెట్టు కనబడలేదు’ అని రాసిచ్చి వెళ్లిపోయాడు.

దాంతో ఆరు కిలోమీటర్ల చెట్టు దొంగతనం చేసిందన్న నేరం మీద టేపక్క ఉద్యోగానికి ఎసరొచ్చింది. విచారణాధికారి స్వయంగా వచ్చారు. ముందురోజు వాన పడడంతో చీలమండల దాకా దిగబడ్డారు.

“చెట్టేదమ్మా?”

ఇక దాచి లాభం లేదనుకుంది. “చెట్టు కాదండీ, నేలండీ. పడుకున్న చెట్లంటే ఈ ఆకులండీ. తీసేస్తారేమోనని భయపడి అలా రాశాను.”

“నేలకి గడి లేదు. ఆకులకీ లేదు” అన్నారాయన, ఎంతో జాలిగా. “అంటే లేనిది పోయిందన్నమాట. లేనిది పోతే దొంగతనమెలా అవుతుంది? మీ ఉద్యోగానికేం ఢోకా లేదు, ఊరుకోండి.”

ఆయన వంగి, బూట్లకంటిన మట్టిని గుప్పెడు ఆకులతో శుభ్రంగా తుడుచుకుని, ‘ఈ స్థలంలో నేల గానీ, ఆకులు గానీ లేవు’ అని రాసి కాగితం చాపారు. టేపక్క చదివింది. కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది.

లేనివాటిని తగలబెట్టమని ఇంతవరకూ ఏ కార్యాలయమూ ఉత్తరువు వేయలేదు.