లోపలంతా అప్

ఫిబ్రవరి రెండో ఆదివారం మా ‘కొండ కింద తెలుగు సహవాసం’ ఆరాధన ప్రత్యక్ష ప్రసారం దిగ్విజయంగా జరిగిందని తెలియజేయడానికి, సాంకేతిక ఉపసంఘం కార్యదర్శిగా సంతోషిస్తున్నాను. అందులో చాలా భాగం ఎవరి ఫోన్లోనూ కనిపించలేదన్నది చిన్న విషయం. చిన్న విషయాలు నివేదికలో రాయకూడదని మా అధ్యక్షులు ఆరన్ గారు ఆదేశించారు కనుక, వాటిని ఇక్కడ విడిగా రాస్తున్నాను.

కెనడాలోని మా హామిల్టన్‌లో ఊరి నడుమ ఉన్న గట్టునే కొండ అంటారు. దాని కింద ఒక పాత చర్చి హాల్లో ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు మేం కలుస్తాం. ఉపసంఘంలో ఏడుగురం. ఆరన్ గారు ఇళ్లు అమ్మిపెడుతుంటారు. నాలుగేళ్ల కిందట సహవాసానికి మొట్టమొదటి వైర్‌లెస్ మైకు తెచ్చింది ఆయనే గనక, అప్పటినుంచి వైర్లున్నవీ లేనివీ అన్నీ ఆయన ఏలుబడిలోనే ఉన్నాయి. నా చేతిరాత బాగుంటుంది, కాబట్టి నేను కార్యదర్శిని. మిగతా ఐదుగురూ చెయ్యెత్తడంలో అనుభవజ్ఞులు.

ఇక బాలకుమారి గారు. ఆవిడ పద్దెనిమిదేళ్లుగా ఒక హాస్పిటల్లో నెట్‌వర్క్ చూస్తున్నారు. నల్ల తెర మీద కమాండ్లు కొట్టి, నాలుగంతస్తుల కంప్యూటర్లను కూర్చున్న చోటినుంచే నిద్రపుచ్చి లేపుతారు. అంతటి సమర్థురాలిని ఊరికే వదులుకోకూడదని టీ, సమోసాల ఉపసంఘంలో వేశాం.

ఆవిడ భర్త ప్రేమానందం గారు అంతకు వారం ముందు ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ జారిపడ్డారు. తుంటి విరిగి, ఆపరేషన్ అయి, హాస్పిటల్ మంచం మీద ఉన్నారు. వాళ్లమ్మాయి అబిగేల్‌కు పద్నాలుగేళ్లు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల. అలాంటిది మూడు నెలలు కూర్చుని, నాయనమ్మ పాడుకునే పాట ఒకటి నేర్చుకుంది. ప్రేమానందం గారే పక్కన కూర్చుని ‘ళ’ పలికించారు. తీరా ఆ పిల్ల అందరి ముందూ పాడే రోజుకు ఆయన మంచమెక్కారు. లైవ్‌లో చూస్తానని, ఫోను దిండుకు ఆనించుకుని పదిన్నరకే సిద్ధమయ్యారు.

పదకొండుంబావుకు ఆయన నుంచి భార్యకు మెసేజ్ వచ్చింది: “ఇంకా మొదలవలేదా?” మొదలై అప్పటికి పావుగంట.

బాలకుమారి గారు టీ కెటిల్ వదిలేసి కంప్యూటర్ గదికి వచ్చేసరికి ఆరన్ గారు నల్ల తెర తెరిచే ఉన్నారు. కంప్యూటరుకు ఎన్ని నెట్‌వర్క్ దారులున్నాయో చూపించే కమాండు ఆయన దగ్గర ఒక కాగితం మీద రాసి ఉంది. చూసి కొట్టారు. రెండు దారులు కనిపించాయి. మొదటి దాని పేరు ఇంగ్లీషులో ఎల్, ఓ అని రెండే అక్షరాలు, పక్కన ‘అప్’ అని ఉంది. ఆరన్ గారి మొహం వెలిగిపోయింది.

“చూశారా! లో... అప్! లో అంటే లోపల. మన తెలుగు మాటే. లోపలంతా అప్‌లోనే ఉంది. ప్రాబ్లం ఏదన్నా ఉంటే అది చూసేవాళ్ల దగ్గరుంది.”

కంప్యూటర్లలో తెలుగు ఇంత లోతుగా పాతుకుపోయిందని తెలిసి అందరం పొంగిపోయాం. ఒకాయన అక్కడికక్కడే ఈ సంగతి పక్క ఊరు గ్వెల్ఫ్‌లో ఉన్న బంధువులకు ఫార్వర్డ్ చేశారు. అంతటితో ఆగక ఆరన్ గారు ఆ ‘లో’కు పింగ్ కొట్టారు. పింగ్ అంటే ‘ఉన్నావా?’ అని అడగడం. ‘ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను’ అని వరసగా జవాబులొచ్చాయి. ఒక్క జవాబూ తప్పిపోలేదని, నష్టం సున్నా శాతమని తెర మీద పడింది. చప్పట్లు కొట్టాం.

“అన్నా, మీరన్నది కరెక్టే,” అన్నారు బాలకుమారి గారు. “లో అంటే లోపలే. కంప్యూటర్ తనతో తనే మాట్లాడుకోడం అది. కేబుల్ పీకేసినా జవాబొస్తుంది. బయటికెళ్లే దారి కింద ఉన్న రెండోది. నిన్న రౌటర్ మార్చారు కదా, దానికి కొత్త అడ్రస్ రాలేదు. ఒక్కసారి డౌన్ చేసి మళ్లీ అప్ చేస్తే వచ్చేస్తుంది. పది సెకన్లు.”

‘డౌన్’ అన్న మాటకు గది చల్లబడింది.

“సిస్టర్,” అన్నారు ఆరన్ గారు నిలబడి, “నేను చైర్మన్ అయ్యాక ఈ సహవాసంలో ఏదీ డౌన్ అవలేదు. అవనివ్వను. ఆరాధన జరుగుతుంటే నా చేత్తో నేను డౌన్ అని టైప్ చేయాలా? రేపెవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే?”

చర్చ ఉన్నత స్థాయిలో సాగింది. డౌన్ జోలికి పోకుండా రెండుసార్లు అప్ కొడితే సరిపోదా అన్నారొకరు. సగం డౌన్ చేసే సౌకర్యం ఉందేమో కనుక్కోమన్నారు మరొకరు. రెండో దారి పేరు చివర సున్నా ఉండటం మనకు గౌరవం కాదనీ, ముందు దాన్ని కనీసం ఒకటికి పెంచాలనీ ఇంకొకరు పట్టుబట్టారు. చివరికి ఓటింగ్ పెట్టాం. బాలకుమారి గారికి ఓటు లేదు. ఆవిడది సమోసాల ఉపసంఘం.

సరిగ్గా అప్పుడే హాల్లో అబిగేల్ పాట అందుకుంది. తలుపు వేసి ఉన్నా వినిపించింది. మొదటి చరణంలో గొంతు కాస్త వణికింది, రెండో చరణానికి కుదురుకుంది. ‘ళ’ చక్కగా పలికింది. బాలకుమారి గారు టీ గుడ్డ చేతుల్లో నలుపుతూ మా వెనకే నిలబడ్డారు. ఆవిడ మొహం చూడలేకపోయాను. నిజంగా సిగ్గేసింది. అయినా డౌన్ కూడదన్నవాళ్లు చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి లేచింది. మిగతా ఆరూ లేచాయి మరి. తీర్మానం ఏకగ్రీవమయ్యేసరికి పాట అయిపోయింది.

రికార్డు చేసే బాధ్యత వేరే ఉపసంఘానిది. ఆ ఉపసంఘాన్ని ఇంకా వేయలేదు. హాల్లో ఎవరూ ఫోన్లు బయటికి తీయరాదన్న నోటీసు మాత్రం మేం పెట్టిందే. దాన్ని అందరూ చక్కగా పాటించారు.

అబిగేల్ పరుగున వచ్చింది. “మామ్, డిడ్ డాడ్ సీ ఇట్?”

“జీరో లాస్, తల్లీ!” అని ఆరన్ గారు ఆ పిల్ల తల నిమిరి, వందన సమర్పణకు స్టేజీ ఎక్కారు.

కుర్చీ ఖాళీ అయింది. బాలకుమారి గారు అందులో కూర్చోను కూడా కూర్చోలేదు. వంగి రెండు లైన్లు కొట్టారు. ఒకటి డౌన్, ఒకటి అప్. తొమ్మిది సెకన్లలో ప్రసారం బయటికి వెళ్లిపోయింది. ఆవిడ గబగబా స్టేజీ దగ్గరికి వెళ్లి, “అన్నా, ఇప్పుడు వస్తోంది. అమ్మాయి చేత ఒక్క చరణం మళ్లీ పాడిద్దాం. ఆయన చూస్తారు,” అన్నారు.

“ప్రోగ్రాం షీట్‌లో లేదు కదా సిస్టర్,” అన్నారు ఆరన్ గారు మైకులోనే. ఆ తర్వాత, ప్రసారం విజయవంతం కావడానికి అహర్నిశలు పాటుపడిన ఉపసంఘాన్ని ఇరవై రెండు నిమిషాల పాటు అభినందించారు. హాస్పిటల్ మంచం మీద ప్రేమానందం గారు అదంతా చూశారు. బొమ్మ స్పష్టంగా, ఎక్కడా ఆగకుండా వెళ్లింది.

పదిహేనో నిమిషంలో సహవాసం ఫోనుకు ఆయన మెసేజ్ వచ్చింది: “అమ్మాయి పాట ఎప్పుడు బ్రదర్?” ఆ ఫోను నా దగ్గరే ఉంటుంది. ‘మీ సందేశం అందింది, వందనాలు’ అని జవాబిచ్చాను.

మరుసటి ఆదివారం నివేదిక సభలో చదివాను. ‘నష్టం సున్నా శాతం’ అన్నచోట హాలు మోగిపోయింది. అంతకు ముందు వారం జ్వరాలొచ్చి, కార్లు మంచులో ఇరుక్కుని, ఇళ్లలోనే ఉండి ఖాళీ తెర చూసిన పదకొండు మందీ ఆ రోజు వచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టింది వాళ్లే. చప్పట్లు కొడుతూ మీరూ మూడో వరసలో ఉన్నారనుకుంటాను.