క్లచ్ లివర్‌కు మూడు ముక్కలు

ఆదివారం ఉదయం డ్రైవరు వేసుకున్న పథకం చిన్నది. భార్య లేవకముందే జీపును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి, క్లచ్ తేలిక చేయించాలి, పాల ప్యాకెట్‌తో తిరిగి రావాలి. ఎక్కడికెళ్లావని అడిగితే పాలకని చెప్పాలి.

జీపు రాళ్ల క్వారీది. రోజూ కూలీలను కొండ మీదికి చేరవేస్తుంది. వయసులో డ్రైవరు కొడుకు కంటే పెద్దది. క్లచ్ తొక్కాలంటే మనిషి బరువంతా ఎడమ మోకాలి మీద పడాలి. ఆ మోకాలు చెడి ఏడాది దాటింది. డ్రైవరు ఎవరికీ చెప్పలేదు. క్వారీ సూపర్‌వైజర్ మాత్రం కనిపెట్టి పైకి రాశాడు. సోమవారం ఇంజనీరు జీపులో పక్కన కూర్చుని చూస్తాడు. కాలు పనికిరాదంటే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు క్వారీ ఇచ్చిన క్వార్టర్ కూడా. ఎదురింటి డ్రైవరుకు చూపు తగ్గిందని తేలిన నెలలోనే వాళ్ల సామాను లారీ ఎక్కింది. ఆ తలుపుకు వేసిన తాళం ఇప్పుడు తుప్పు పట్టింది.

మెకానిక్ జీపు కింద దూరి చూసి బయటికొచ్చాడు.

"పెడల్ తొక్కితే కేబుల్ వెళ్లి గేర్‌బాక్స్ దగ్గర లివర్‌ని లాగుతుందన్నా. ఆ లివర్‌కి ఒక ఇనుప ముక్క కలిపి పొడుగు చేస్తే తొక్కడం తేలికవుతుంది. కాకపోతే క్లచ్ అంత బాగా వదలదు. ఒక్క ముక్కయితే ఫరవాలేదు. అంతకు మించితే తొక్కినా సరే ఇంజను బండిని లాగుతూనే ఉంటుంది."

"ఒక్కటి చాలు. మా ఇంట్లో తెలియకూడదు తమ్ముడూ."

"నా నోట్లోంచి రాదు."

అది నిజం. ఆ వీధిలో ఎవరు తాగి ఎవరి గోడను గుద్దారో మెకానిక్‌కు తెలుసు. ఇంతవరకు ఒక్క పేరూ బయటికి రాలేదు. అతని షెడ్డు నడిచేదే దాని మీద.

మధ్యాహ్నం డ్రైవరు నిద్రపోయాడు. కొడుకు జీపు కడిగించుకొస్తానని తాళం తీసుకుని షెడ్డుకొచ్చాడు.

"నాన్న అవస్థ చూడలేకపోతున్నా బాబాయ్. గోడ పట్టుకుంటే గాని నడవలేకపోతున్నాడు. క్లచ్ కొంచెం తేలిక చెయ్యి. ఆయనకి తెలిసిందో, నా వీపు విమానం మోతే."

మెకానిక్ స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పటికే చేశానంటే ఉదయం ఇచ్చిన మాట పోతుంది.

"తేలిగ్గానే ఉన్నట్టుంది కదరా."

"నీ కాలు వేరు, ఆయన కాలు వేరు."

మెకానిక్ రెండో ముక్క బిగించాడు.

సాయంత్రం డ్రైవరు మర్నాటి కోసం గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. కొడుకూ ఇంట్లో లేడు. భార్య మెకానిక్‌ను ఇంటికే పిలిపించింది.

"ఇక చాలు వదినా," అన్నాడు మెకానిక్, క్లచ్ మాట వినగానే.

"ఇక చాలేంటి? ఇంకా మొదలే పెట్టలేదు."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "మరీ తేలికైతే బండి ఆగదని."

"ఇల్లు పోతే మేమెక్కడ ఆగాలి? కానివ్వు. తండ్రీకొడుకులకి తెలియకూడదు. ఇద్దరి నోట్లోనూ నువ్వుగింజ నానదు."

మూడో ముక్క బిగించి వెళ్లిన మెకానిక్ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకో అతని భార్యకు కూడా చెప్పలేదు.

సోమవారం డ్రైవరు కాలు పెట్టగానే పెడల్ కిందికి పోయింది. మెకానిక్ పనితనానికి మనసులో దండం పెట్టుకున్నాడు. గేరు కరకరలాడుతూ పడింది. గుమ్మంలో భార్య, గేటు దగ్గర కొడుకు నిలబడ్డారు. ఆయన తొడ పట్టుకోకుండా క్లచ్ తొక్కడం చూసి, అది తమ చలవేనని ఎవరికి వారు అనుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

క్వారీలో ఇంజనీరు ఒక్కడే జీపెక్కాడు. కొండెక్కి దిగేదాకా గేర్లు ఏడ్చాయి గాని పడ్డాయి. ఆఫీసు ముందు సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"వెనక్కి తీసి షెడ్డులో పెట్టు," అన్నాడు ఇంజనీరు జీపు దిగి.

డ్రైవరు క్లచ్ తొక్కి రివర్స్ వేశాడు. పడలేదు. బలంగా లాగాడు. పడింది. కాలు ఇంకా క్లచ్ మీద ఉండగానే జీపు వెనక్కి దూకింది. డ్రైవరు మోకాలి సంగతి మరచిపోయి, సీట్లోంచి లేచి మరీ తొక్కాడు. కింద ఏదో ఠప్పుమంది. పెడల్ నేలకు అంటుకుపోయింది. జీపు నీళ్ల ట్యాంకు స్టాండును గుద్దింది. ట్యాంకు ఒరిగి ఆఫీసు రేకుల మీద పడింది. రేకులు సూపర్‌వైజర్ మీద పడ్డాయి.

భుజం విరిగిన సూపర్‌వైజర్‌ను రాళ్లు మోసే టిప్పర్‌లో ఆసుపత్రికి పంపారు. డ్రైవరు స్టీరింగ్ వదల్లేదు. క్వార్టర్‌లోంచి ముందు మంచం మొయ్యాలా, బీరువా మొయ్యాలా అని ఆలోచిస్తున్నాడు.

ఇంజనీరు వంగి జీపు కింద చూశాడు. బురదలోంచి విరిగిన లివర్ తీశాడు. దానికి ఎన్ని ముక్కలు అతికి ఉన్నాయో చూడలేదు.

"ఇంత ఇనుముని కాలితో విరగ్గొట్టాడయ్యా. ఈ కాలు పనికిరాదని రాసిందెవడు?"

రాసినవాడు అప్పటికే గేటు దాటాడు.

"జీపుని తుక్కులో వేసెయ్యండి. ఇంత బలమున్న మనిషికి జీపేంటి? రేపటి నుంచి టిప్పర్ ఇవ్వండి."

ఉద్యోగం మిగిలింది, క్వార్టర్ మిగిలింది. ఆ టిప్పర్ క్లచ్ తొక్కలేక ఇద్దరు కుర్ర డ్రైవర్లు మానేసిన సంగతి క్వారీలో అందరికీ తెలుసు.

సాయంత్రం మెకానిక్ షెడ్డుకు డ్రైవరు వచ్చి వెళ్లాడు. ఆయన మలుపు తిరిగాక కొడుకు వచ్చి వెళ్లాడు. చీకటి పడే వేళకు భార్య వచ్చింది.

"టిప్పర్‌కి కూడా అలాంటి లివరే ఉంటుందా?"

"ఉంటుంది వదినా."

"మా ఇంట్లో తెలియకూడదు."

మెకానిక్ మాటిచ్చాడు. ఆ సాయంత్రం అతనిచ్చిన మాటల్లో అది మూడోది.