చక్రాలకి అభ్యంతరం లేదు

భూమ్మీద ఏ చక్రమూ తనంతట తాను గుండ్రంగా ఉండదు. గుండ్రంగా ఉందని సర్కారు ఒప్పుకుని ముద్ర కొట్టాకే గుండ్రంగా ఉంటుంది. అంతవరకూ అది ఎంత దొర్లినా లెక్కలోకి రాదు. ఇటలీలో, కొండ కిందున్న మోంతెరావో ఊళ్ళో, ఎర్మెలిందా అనే ఆవిడకి ఈ సంగతి డెబ్భై దాటాక గానీ తెలిసిరాలేదు.

ఎర్మెలిందాది బేకరీ. కింద బేకరీ, పైన ఇల్లు, ఆ ఇల్లు ఆవిడ అత్తగారిది. అత్తగారు పోయి చాలాకాలమైంది గానీ చిరునామా మారలేదు. మొగుడు గ్వాల్తియేరో బతికున్నంతకాలం ఆ వ్యాపారంలో రొట్టెలు కాల్చేది అతను, వ్యాను తోలేది ఎర్మెలిందా. కొండమీద మఠం ఉంది, సన్యాసులకి పొద్దున్నే వేడి రొట్టె కావాలి. మంచు పడనీ, రాళ్ళు దొర్లనీ, ఆవిడ ఆ మలుపులన్నీ రోజూ ఎక్కి దిగేది. దానికెవరూ చప్పట్లు కొట్టలేదు.

గ్వాల్తియేరోకి ఒక ఎర్ర కారు ఉండేది. రెండే సీట్లు. ఎలక కోసం పొంచున్న పిల్లిలా నేలకి అతుక్కుని ఉండేది. ఏటా జూన్లో పాతకార్లవాళ్ళంతా కలిసి అదే కొండ ఎక్కుతారు. దానికి బాజాలు, జెండాలు, మేయరుగారి ఉపన్యాసం. ఆ రోజు మాత్రం స్టీరింగు గ్వాల్తియేరోది. ఎర్మెలిందా పక్క సీట్లో తలకి రుమాలు కట్టుకుని, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేది.

"ఒక్కసారి నన్ను తోలనీ" అంటే, "దీని క్లచ్చు ఆడవాళ్ళ కాలికి లొంగదే" అనేవాడు. (వ్యాను క్లచ్చు దీనికి రెట్టింపు మొండిది. కానీ వ్యానుకి జెండా కట్టరు కదా.)

గ్వాల్తియేరో పోయాడు. తాళంచెవి ఆవిడ చేతికొచ్చింది. ఈ జూన్లో కారు నేనే ఎక్కిస్తానని బేకరీలో నలుగురి ముందూ అనేసింది. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆవిడ ఇంటావంటా లేదు.

మెకానిక్ ఒరెస్తే, గ్వాల్తియేరోకి తమ్ముడి లాంటివాడు, కారు పైకి లేపి చూసి పెదవి విరిచాడు.

"వదినా, చక్రాలు పగుళ్ళిచ్చాయి. వీటితో కొండెక్కితే నువ్వు మఠం దగ్గర ఆగవు, ఇంకా పైకి పోతావు, అన్నయ్య దగ్గరికి."

"ఆయన దగ్గరికి వెళ్ళడానికి తొందరేం లేదు. మంచివి నాలుగు చూడు."

మొదట తెచ్చిన చక్రాలు బంగారంలా ఉన్నాయి, బోల్టుల బెజ్జాలు కలవలేదు. తరవాతవాటికి బెజ్జాలు కలిశాయి గానీ, చక్రం బయటికి పొడుచుకొచ్చి మడ్‌గార్డుని గీరింది. ఆ తరవాతవి లోపలికి పోయి బ్రేకుని పట్టుకున్నాయి.

"పెళ్ళిసంబంధాలు చూసినట్టుందిరా ఇది" అంది ఎర్మెలిందా.

"సంబంధమైతే కాస్త రాసుకున్నా సర్దుకుపోతారు వదినా. చక్రం సర్దుకుపోదు."

చివరికి, పగిలినవాటి పోలికతోనే కొత్తగా పోతపోసినవి దొరికాయి, ఎడ్లబండి చక్రానికి ఉన్నట్టు ఐదేసి ఆకులవి. కొలిచి చేసినట్టు కూర్చున్నాయి. కథ ఇక్కడితో అయిపోయిందని మీకనిపిస్తే, మీరు వాహన పరీక్షా కార్యాలయం మొహం ఎప్పుడూ చూడలేదన్నమాట.

అక్కడ ఇంజనీరు తర్చీజియో గారు కారు చుట్టూ ప్రదక్షిణ చేసి, బండి పుస్తకం తెరిచారు.

"అమ్మగారూ, ఇందులో రేకు చక్రాలని రాసుంది. ఇవి రేకువి కావు."

"రేకువి తీసేసి యాభై ఏళ్ళవుతోంది బాబూ. మీకు ముందున్నాయన ఏటా ముద్ర వేసేవాడు."

"ఆయన ఏ నిబంధన కింద వేశారు?"

"ఆయనా మా ఆయనా పేకాటలో ఒక జట్టు."

"ఆ నిబంధన ఇప్పుడు రద్దయింది" అన్నారు ఇంజనీరు గారు, కొంచెం దిగులుగానే. "వేరే చక్రాలు వెయ్యాలంటే, కారు తయారుచేసిన కంపెనీ తనకి అభ్యంతరం లేదని రాసివ్వాలి."

"ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది కదా!"

"మూతపడితే మరి అభ్యంతరం ఉందో లేదో మనకెలా తెలుస్తుంది?" ఆయన నిజంగానే అడిగారు. ఆనక ఒక లావుపాటి పుస్తకం తిరగేసి మొహం విప్పార్చారు. "ఉందండోయ్! తయారుచేసినవారు లేనిచోట, ఆ చిరునామాలో ఇప్పుడున్నవారే వారసులు."

ఆ చిరునామాలో ఇప్పుడున్నది నెవియో. పంది మాంసం కొట్టి, పేగుల్లో కూరి సలామీలు కడతాడు. ఎర్మెలిందా వెళ్ళేసరికి వరసగా వేలాడుతున్న సలామీల మధ్యన, మోచేతులదాకా జిడ్డుతో ఉన్నాడు.

"చక్రాలకి నాకేం అభ్యంతరం అక్కా? కావాలంటే విమానానికి కూడా రాసిస్తా" అని రాసిచ్చి, తొడమాంసం మీద కొట్టే ముద్ర తీసుకుని కొట్టాడు. ముద్రలో పంది బొమ్మ, దాని చుట్టూ ఆరోగ్యశాఖవారి అక్షరాలు.

ఇంజనీరు గారు భూతద్దం పెట్టి చూసి, "ముద్ర స్పష్టంగా ఉంది" అని మెచ్చుకుని, ఆమోదించారు. (ఆ రకంగా ఆ చక్రాలు రోడ్డు మీద తిరగడానికే కాదు, కోసుకు తినడానికి కూడా పనికొస్తాయని ప్రభుత్వం ధ్రువపరిచింది.)

కానీ కొండెక్కాలంటే పాతకార్ల క్లబ్బు పత్రం కూడా ఉండాలి. సర్కారుకి చక్రం కొత్తదై ఉండాలి, క్లబ్బుకి పాతదై ఉండాలి. రెండూ ఒకే చక్రం అయ్యుండాలి. క్లబ్బు అధ్యక్షుడు ఎలీజియో గారు తోలు చేతితొడుగులు వేసుకునే మనిషి, ఎండాకాలంలో కూడా. కారు చూడ్డానికి ఆయనే బేకరీకి వచ్చారు.

"ఆ రోజుల్లోనే ఈ కారుకి ఇలాంటి చక్రాలున్నాయని ఫోటో చూపించండమ్మా. పోలిక కుదిరితే మాకు చాలు."

ఎర్మెలిందా గోడ మీదున్న ఫోటో ఊడదీసి తెచ్చింది. కొండ కింద, జెండా దగ్గర కారు. చక్రానికి ఐదు ఆకులు, అద్దంలా కనిపిస్తున్నాయి. ఎలీజియో గారు మురిసిపోయి, అక్కడికక్కడే పత్రం రాసి చదివారు.

"ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా ఆమోదించడమైనది. చక్రాలు, ఐదు ఆకులవి. కుడి దీపం, చిన్న సొట్టతో. స్టీరింగు దగ్గర గ్వాల్తియేరో. పక్క సీట్లో భార్య, రుమాలుతో, ఫ్లాస్కుతో. వీటిలో ఏది మార్చినా పత్రం చెల్లదు."

"ఆయన పోయాడు కదండీ!"

"మాకూ చాలా బాధగా ఉందమ్మా. కానీ కారు అసలుతనం ముఖ్యం."

"నేను ఆ కొండమీదికి ముప్పై ఏళ్ళు వ్యాను తోలాను."

"వ్యాను చారిత్రకం కాదు. ఆయన చోట ఇంకో డ్రైవరుని పెట్టడమంటే, బయట దొరికిన చక్రం తగిలించడం లాంటిదే. తయారుచేసినవారు అభ్యంతరం లేదని రాసివ్వాలి." చెప్పి ఎలీజియో గారు నవ్వారు. హాస్యమాడానని ఆయన నమ్మకం.

ఎర్మెలిందా నవ్వలేదు.

"ఆయన్ని తయారుచేసింది మా అత్తగారు" అంది. "ఆవిడ లేదు. ఆవిడ చిరునామాలో ఇప్పుడున్నది నేను. కలం ఇటివ్వండి."

ఎలీజియో గారు పరీక్షా కార్యాలయానికి ఫోన్ చేశారు. నిబంధనలో చక్రమనీ మొగుడనీ తేడా ఏమీ లేదని ఇంజనీరు గారు పేజీ చూసి మరీ చెప్పారు. అత్తగారి తరఫున ఏ అభ్యంతరమూ లేదని ఎర్మెలిందా రాసింది. (అత్తగారు బతికుండగా ఆవిడకి ఇలాంటి అదృష్టం ఒక్కరోజైనా దక్కలేదు.) రొట్టెల మీద కొట్టే ముద్ర తీసి కొట్టింది. పత్రంలో కొత్త వాక్యం చేరింది: "డ్రైవరు, అసలుది కాదు. బయటనుంచి తెచ్చింది. కొలతలు సరిపోయాయి."

"ఇక వెళ్ళొస్తానమ్మా" అని లేచారు ఎలీజియో గారు.

"కూర్చోండి. పక్క సీటు ఖాళీగా ఉంటే పత్రం చెల్లదని మీరే చదివారు. క్లబ్బులో ఈ రుమాలు కట్టుకునేదెవరు?"

క్లబ్బులో ఉన్నవాళ్ళందరికీ కొండెక్కే ఆదివారం ఎక్కడో ఏదో పని పడింది. అధ్యక్షుడికి తప్పించుకునే నిబంధన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

జూన్లో బాజాలు మోగాయి. ఎర్ర కారు కొండెక్కింది. పసుప్పచ్చ రుమాలు గడ్డం కింద ముడేసుకుని, ఒళ్ళో ఫ్లాస్కుతో ఎలీజియో గారు పక్క సీట్లో. మొదటి మలుపు దాకా బింకంగా కూర్చున్నారు. తరవాతి మలుపులో లోయ కనబడగానే ఫ్లాస్కుని రెండు చేతులా కావలించుకున్నారు.

"అమ్మా, కాస్త నెమ్మదిగా... ఆ క్లచ్చు అలా కాదు, మీరు ముందుగా..."

ఎర్మెలిందా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా గేరు మార్చింది.

"ఎలీజియో గారూ, ఫోటోలో ఆ సీట్లో ఉన్న మనిషి నోరు మూసుకునే ఉంది."