తాళానికి నలభై రెండు దండలు

క్రైమ్ నవల రాయాలనుకునే యువతకు నా సలహా ఒక్కటే. ముందు ఒక స్టార్టప్‌లో చేరి శుభ్రంగా మోసపోండి. ఊహాశక్తి ఖర్చు కాదు. కథ ఇంటికే నడిచొస్తుంది!

నన్నే చూడండి. కోరుట్లలో మా అమ్మ శంకరవ్వ బీడీలు చుట్టి నన్ను డిగ్రీ చదివించింది. గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని మా వంశంలో నేనే. ఆ కుర్చీ ఇచ్చినవాడు హరీశ్, బుగ్గారం కిషన్ రావు దొర కొడుకు. 2011లో జగిత్యాలలో ఆన్‌లైన్ బట్టల కంపెనీ పెట్టి నన్ను మేనేజర్‌ను చేశాడు. స్టార్టప్ అనే మాట అప్పటికి మా దాకా రాలేదు. వచ్చి ఉంటే ఇంకా ముందే మోసపోయేవాళ్లం.

సరుకు కోసం సిరిసిల్ల వెళ్లింది నేనే. అక్కడ నాలుగు సాంచాల మీద బట్ట నేసే సమ్మయ్యకు వెబ్‌సైట్, ఇన్వెస్టర్, సింగపూర్ అంటూ గంటసేపు బోధించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"గవన్నీ నాకు సమజ్ కాలే సారూ. సదువుకున్నోనివి, నువ్వు జెప్తున్నవ్. తీస్కపో" అన్నాడు.

ఏ ఇన్వెస్టరైనా ఇంత తొందరగా ఒప్పుకుంటాడా? ఆరు నెలలు నేసిన బట్ట, పైసా చేతిలో పడకుండానే, ట్రాలీ ఆటోలో జగిత్యాలకు చేరింది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. మొదటి రోజు పొద్దున అలవాటు కొద్దీ ఆఫీసుకు వెళ్తే షట్టరు దించి ఉంది. దాని మీద కాగితం: "తెలంగాణ కోసం మా కంపెనీ నిరవధిక బంద్." నా కళ్లు చెమర్చాయి. దొర కొడుకుకు ఇంత త్యాగమా! బంతిపూల దండ తెచ్చి తాళానికి వేసి, జై తెలంగాణ అన్నాను.

రెండు రోజులకే పక్క దుకాణాలు తెరుచుకున్నాయి. వాళ్లకు నిబద్ధత లేదనుకున్నాను. మా షట్టరు మాత్రం లేవలేదు. నేను రోజూ పాత దండ తీసి కొత్తది వేశాను.

ఎదురుగా బట్టలు కుట్టే లతీఫుద్దీన్ భాయ్ నాలుగో రోజు ఉండబట్టలేక పిలిచాడు.

"మేనేజర్ సాబ్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. సమ్మె చేసేటోడు బోర్డు గూడ ఇప్పుకపోతడా?"

తలెత్తి చూశాను. బోర్డు ఉండాల్సిన చోట నాలుగు మేకులున్నాయి.

"భాయ్, ఉద్యమాన్నే అనుమానిస్తున్నవా?"

"ఉద్యమాన్ని గాదు బేటా, గా లారీని. బందు నాడు నువ్వు రాకముందే అచ్చింది. జై తెలంగాణ జెండా కట్టిండ్రు. నేనే జరిగి తొవ్వ ఇచ్చిన."

ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు.

నలభై రెండు రోజులకు సమ్మె ముగిసింది. మాది ముగియలేదు. హరీశ్ ఫోను కలవదు. చివరికి తాళం పగలగొట్టిస్తే లోపల నా కుర్చీ ఒక్కటే ఉంది. దానికీ ఒక చక్రం లేదు.

చెప్పండి, నవలకు ఇంతకన్నా ఏం కావాలి? నేరస్థుడున్నాడు, సాక్షి ఉన్నాడు, నేరస్థలానికి పూలతో కాపలా కాసిన మూర్ఖుడూ ఉన్నాడు. వెంటనే రాశాను. జగిత్యాల షట్టరు గురించి ఎవరు చదువుతారని హైదరాబాద్ అద్దాల మేడ పెట్టాను. లారీని హెలికాప్టర్ చేశాను. మూర్ఖుణ్ని డిటెక్టివ్ చేశాను, కలం నా చేతిలోనే ఉంది కదా. ఇరవయ్యో అంతస్తులో వాడు దొంగ కాలరు పట్టుకునే సీను రాస్తూ నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. సమ్మయ్య బట్టను మాత్రం మార్చడానికి మనసొప్పలేదు.

ఆఖరి అధ్యాయం సంచిలో పెట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. నాలుగు సాంచాల్లో రెండు అమ్ముడుపోయాయి. మిగిలిన రెండింటిని ఆపి సమ్మయ్య పక్కన కూర్చున్నాడు. మొత్తం చదివి వినిపించాను.

"అయితె దొంగ దొరికిండా?"

"దొరికిండు కాకా."

"నా బట్ట?"

"గది గూడ దొరికింది. ఒక్క తాను పోలే."

సమ్మయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు.

"గింత మంచి మాట ఆఖర్ల జెప్తరా సారూ? ఏ పేజీల ఉన్నదో జెప్పు, ఆటో మాట్లాడుకొని పోదాం."