ఐదు రోజుల తండ్రి రాసిన పుస్తకం

పిల్లల పెంపకం మీద పుస్తకాలు రాసేవాళ్లకి మా ఊళ్లో విగ్రహాలు పెట్టాలి. నవ్వులాటకి అనడం లేదు. ఆ పుస్తకాలు రాకముందు మా ఎన్డోలాలో పిల్లలు ఎలా పెరిగారో తలుచుకుంటేనే భయమేస్తుంది. అమ్మ ఒకటి అని, నానమ్మ రెండు అని, పక్కింటావిడ మూడోది వీపు మీద వేస్తే ఎలాగో మనుషులయ్యేవారు. ఇప్పుడా అగచాట్లు లేవు. ప్రతి తప్పుకీ ఒక పేజీ ఉంది. ఆ తప్పు ఎవరిదో కూడా ఆ పేజీలోనే రాసి ఉంటుంది.

నమ్మనివాళ్లు కసోండె సంగతి వినండి.

కసోండె నీళ్ల బిల్లుల ఆఫీసులో గుమాస్తా. ఎనిమిదేళ్ల కూతురు మలామా, నాలుగేళ్ల కొడుకు కలూబా. మా వైపు పిల్లలు పుట్టాక తల్లికి సొంత పేరు మిగలదు. వీధంతా ఆమెను బనా మలామా అంటుంది, మలామా వాళ్లమ్మ అని. భర్త ముబంగా సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారాలు చర్చిలో పాడతాడు. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. ఇంట్లో ఏదైనా తేడా వస్తే చూస్తూ ఊరుకునే రకమూ కాదు. వెళ్లి ఒక పుస్తకం కొనుక్కొస్తాడు.

కలూబా పక్క తడిపితే ఒక పుస్తకం వచ్చింది. మలామా లెక్కల్లో తప్పితే రెండొచ్చాయి. ఒక సాయంత్రం కసోండె గిన్నెను కాస్త చప్పుడయ్యేలా కింద పెట్టింది. మర్నాడు 'కోపం రాని తల్లి' వచ్చింది, రిబ్బను కట్టి మరీ.

"అన్నీ ఇందులో ఉన్నాయి బనా మలామా. తీరిక చూసుకుని చదువుకో," అన్నాడు ముబంగా.

అట్ట మీద 'తల్లిదండ్రులకు' అని అచ్చువేసి ఉంది. ముబంగా వినయస్థుడు. ఆ మాటలో రెండో సగం తన గురించేమోనని ఎన్నడూ అనుకోలేదు.

కసోండె చదివింది. తీరిక దొరకదు కాబట్టి మినీబస్సులో నిలబడి చదివింది, మొక్కజొన్నపిండి న్షిమా ముద్ద కలుపుతూ ఎడమచేత్తో పట్టుకుని చదివింది. ఒక పుస్తకం పిల్లలకి 'వద్దు' అని చెప్పకూడదంది. ఇంకో పుస్తకం 'వద్దు' అన్నాక మాట మార్చకూడదంది. రెండూ పాటించాలంటే నోరు మూసుకోవడమే దారి. ఆమె అదీ చేసింది. మరో పుస్తకం పిల్లల్ని చలిమంట పక్కన కూర్చోబెట్టి కథ చెప్పమంది. అది అక్టోబరు నెల, మా దగ్గర నడివేసవి. రేకుల కప్పు కింద మనుషులే కాలిపోతున్నారు.

పిల్లలకి ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడడం నేర్పాలని ఇంకోదాంట్లో ఉంది. మలామా ఇట్టే నేర్చుకుంది. నానమ్మకి మంచినీళ్లు ఇవ్వడానికి మా ఇళ్లలో అందరూ చేసినట్టు మోకాళ్ల మీద కూర్చోకుండా, తల వంచకుండా, నిటారుగా నిలబడి ఆవిడ కళ్లలోకి గుచ్చిగుచ్చి చూసింది.

నానమ్మ గ్లాసు అందుకోలేదు. "దీనికి మెడ పట్టేసిందా?" అని కోడల్ని అడిగింది.

"లేదత్తమ్మా. ఆత్మవిశ్వాసం."

"అయ్యో పాపం. ఎన్నాళ్లకి తగ్గుతుందట?"

పుస్తకాలు పదకొండయ్యాయి. ఏది చదివినా చివరికి తేలేది ఒకటే: పిల్లవాడు ఏడుస్తున్నాడంటే తల్లి ఎక్కడో పొరబడింది. కసోండె అంతకుముందు రోజు చివర అలసిపోయేది. ఇప్పుడు అలసిపోయి, పైగా సిగ్గుపడేది. ఇది అభివృద్ధి కాక మరేమిటి?

అలా ఉండగా ఆఫీసువాళ్లు కొత్త బిల్లింగు యంత్రాల శిక్షణకి ఆమెను ఐదు రోజులు రాజధాని లుసాకా పంపించారు. నానమ్మ అప్పటికే ఎవరో పోయారని లువింగు వెళ్లి ఉంది. ఇంట్లో మిగిలింది ముబంగా, ఇద్దరు పిల్లలు, పదకొండు పుస్తకాలు.

మొదటిరోజు ఫోన్లు తొమ్మిది. "ఉప్పు ఎక్కడుంది?" "యూనిఫాం ఏది?" "వీడు బూటు విప్పనంటున్నాడు, ఏ పుస్తకంలో చూడాలి?" రెండోరోజు మలామా జడలు ఊడిపోయాయి. జడల గురించి పదకొండింట్లోనూ ఒక్క ముక్క లేదు. ముబంగా ఆలోచించి పిల్లను తన మంగలి దగ్గరికి తీసుకెళ్లి గుండు చేయించాడు. వంట మటుకు పెద్ద ఇబ్బంది కాలేదు. పక్కింటి బనా చిలేషే రోజూ సాయంత్రం మూతపెట్టిన గిన్నె ఒకటి గోడ మీంచి అందించింది.

శనివారం కసోండె ఇల్లు చేరింది. పిల్లలు బతికే ఉన్నారు. ముబంగా బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాడు.

"ఏం రాస్తున్నారు?"

"ఈ పుస్తకాల్లో లోపాలున్నాయి బనా మలామా. అనుభవం లేనివాళ్లు రాశారు. ఈ ఐదు రోజుల్లో నాకు చాలా విషయాలు తెలిశాయి."

నలభై పేజీలు. పేరు 'తండ్రి చేతిలో ఇల్లు'. చర్చి ఆఫీసు మెషీను మీద అచ్చయింది. 'నిరాడంబరత' అనే అధ్యాయం గుండు గురించి. 'ఇరుగుపొరుగు సహకారం' అని బనా చిలేషేకి ఒక వాక్యం దక్కింది. భార్యకి రెండు వాక్యాలు, ఊళ్లో లేకుండా ఉండి తోడ్పడినందుకు.

పాస్టరుగారు మురిసిపోయి హాల్లో ప్రసంగం పెట్టించారు. ఎనభైమంది వచ్చారు, ఇద్దరు తప్ప అందరూ ఆడవాళ్లే. ఆ ఇద్దరూ కుర్చీలు వేయడానికి వచ్చినవాళ్లు. ముబంగా సహనం గురించి గంటసేపు మాట్లాడాడు. ఇలాంటి మొగుడు దొరకడం దేవుడి దయ అని పక్కనున్నావిడ కసోండె చెయ్యి నొక్కింది. తొమ్మిదేళ్లుగా తను చేస్తున్న పనికి ఒక్కసారైనా ఎవరైనా హాలు తెరిచారా అని కసోండె గుర్తు చేసుకోబోయింది. గుర్తుకు రాలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. పెళ్లికూతుళ్లకి కాపురం నేర్పే పెద్దావిడ ఒకామె లేచింది.

"బాగా చెప్పావు నాయనా. ఆ ఐదు రోజులూ పిల్లలకి వండిపెట్టిందెవరు?"

"అందరం కలిసికట్టుగా..." అన్నాడు ముబంగా.

మూడో వరసలో బనా చిలేషేకి పొలమారింది.

నెల తిరక్కుండా ఆఫీసులో ఇంకో శిక్షణ పడింది. ఈసారి లివింగ్‌స్టన్‌లో, రెండు వారాలు. ఎవరు వెళ్తారని మేనేజరు అడగడం పూర్తికాకముందే కసోండె చెయ్యెత్తింది.

ముబంగా నీళ్లు నమిలాడు. "రెండు వారాలంటే మాటలా? పిల్లల్ని ఎవరు చూస్తారు?"

"రచయితగారు ఇంట్లోనే ఉన్నారుగా," అంది కసోండె, బ్యాగు సర్దుకుంటూ.

ఆ వారమే బనా చిలేషేకి సొల్వెజీలో కూతురి పురుడు గుర్తొచ్చింది. నానమ్మకి లువింగులో వేరుశనగ చేను గుర్తొచ్చింది. ఆడవాళ్లు ముగ్గురూ ముందే మాట్లాడుకున్నారని వీధిలో అనుకుంటారు. నాకు తెలీదు. ముగ్గురూ ఒకే బస్టాండుకి ఒకే టాక్సీలో వెళ్లిన మాట మాత్రం నిజం.

మొదటి మూడు రోజులూ ఫోన్లు మోగాయి. తర్వాత తగ్గాయి. ఎనిమిదో రోజు ఒక్కటీ రాలేదు. కసోండె క్లాసులో కూర్చుందే గానీ మనసు మనసులో లేదు. మధ్యాహ్నం తనే చేసింది.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు ముబంగా గుసగుసగా. "వీడికి మొన్నటి నుంచి జ్వరం. మలేరియా కాదన్నారు క్లినిక్‌లో. ఇప్పుడే తగ్గి నా భుజం మీద నిద్రపోయాడు."

"నాకెందుకు చెప్పలేదు? వచ్చేయనా?"

"వద్దు. నువ్వొచ్చేసరికి లేచి ఆడుకుంటూ ఉంటాడు. మలామాకి బూట్లు బిగుతయ్యాయి, రేపు కొనాలి. ఆ మధ్య కుంటుతుంటే గారాబం అనుకున్నాను. పుస్తకంలో అలాగే ఉంది. వేళ్లు ఒరుసుకుపోయాయి పిల్లకి." అవతల కలూబా మూలుగు వినిపించింది. "పెట్టేస్తున్నాను. వాడు కదులుతున్నాడు."

కసోండె ఫోను బ్యాగులో పెట్టి క్లాసులోకి వెళ్లింది.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి పాస్టరుగారు గుమ్మంలో ఉన్నారు. రెండో భాగం కోసం వచ్చారట. మొదటిదాని కాపీలన్నీ అయిపోయాయి, పక్క ఊరు కిట్వె నుంచి కూడా అడుగుతున్నారు. ముబంగా పెరట్లో కుళాయి దగ్గర ఉన్నాడు. చంకలో కలూబా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఇంకో చేత్తో మలామా యూనిఫాం జాడిస్తున్నాడు.

"మొదటిసారి కంటే ఇప్పుడు మీ అనుభవం పెరిగింది కదా. ఒక వంద పేజీలైనా రావూ?" అన్నారు పాస్టరుగారు.

"ఏం రాయాలో తోచడం లేదండీ."

"పోనీ, పిల్లలు ఊరికే ఎందుకేడుస్తారో ఒక అధ్యాయం రాయండి. ఇదుగో, వీడినే తీసుకోండి. ఎందుకేడుస్తున్నాడు?"

"తెలీదండీ. పొద్దుట్నుంచీ కనుక్కుందామనే చూస్తున్నాను," అన్నాడు ముబంగా, పిల్లాణ్ణి ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంటూ. "తెలిసేదాకా ఎత్తుకుంటాను."

పాస్టరుగారు నిరాశపడి వెళ్లిపోయారు. కసోండె బ్యాగు గుమ్మంలోనే దింపి, లోపలికెళ్లి, పట్టపగలు మంచమెక్కి హాయిగా నిద్రపోయింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.