తిట్ల రంగంలో తొలి పారిశ్రామికవేత్త

"రాష్ట్రం తెచ్చుకున్నదే ఇసొంటి పిలగాండ్ల కోసం" అని యువజన సేవల మంత్రి దివాకర్ గారు హాలియా మార్కెట్ యార్డులో ప్రకటించగానే, వడ్ల కుప్పల మీద నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. కుప్పలు దిగమని రైతులు బతిమాలుతున్నది ఆ చప్పట్లలో వినపడలేదు.

ఇసొంటి పిలగాడంటే మా నాగేందర్. స్టేజీ పేరు ఎంసీ నాగ్. తిట్లను పరిశ్రమగా మలిచిన మొదటి యువకుడు ఇతనేనని, సాగర్ కాలువ రోడ్డు మీద రెండెకరాల జాగా ఇచ్చి 'ర్యాప్ హబ్' పెట్టిస్తామని మంత్రిగారు చెప్పారు. హబ్ అంటే ఏందని ఒక ముసలాయన పక్కనున్నవాణ్ని అడిగితే, బస్సులు ఆగే జాగా అని చెప్పాడు. ముసలాయన చాలా సంతోషించాడు. మా ఊరికి బస్సు లేదు.

నేను నాగేందర్ కంపెనీకి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌ని. కంపెనీలో ఉన్న టెక్నాలజీ అంతా నా ల్యాప్‌టాపే. బీటెక్ చేసి హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటుంటే, ఒక రోజు నన్ను ఈమెయిల్‌లో ఎంతో మర్యాదగా ఉద్యోగంలోంచి తీసేశారు. భవిష్యత్తంతా మర్యాద లేని రంగంలోనే ఉందని నాకు అప్పుడే అర్థమైంది.

గొప్పవాళ్ల జీవిత చరిత్ర చిన్నతనంతో మొదలవుతుంది. నాగేందర్‌ది పొట్టేలుతో మొదలవుతుంది.

ఆ పొట్టేలు వాళ్ల పెద్దమ్మ గుర్వమ్మది. ఆమె భర్త ఐలేశం దవాఖానలో పడి, ఇక లేవడనుకున్నప్పుడు, ఆమె పెద్దగట్టు లింగమంతుల స్వామికి దాన్ని మొక్కింది. ఐలేశం లేచి ఇంటికొచ్చాడు. పొట్టేలు జాతర కోసం బలిసింది. కుడికొమ్ము సగానికి విరిగి, ఎదురొచ్చిన ప్రతివాణ్నీ పొడిచే ఆ జీవి, జాతర ఇంకా ముందుండగానే ఒక పొద్దున కనిపించకుండా పోయింది. గుంజకు తాడు ముక్క మిగిలింది.

మా వైపు ఇలాంటప్పుడు పోలీస్ స్టేషన్‌కు పోయే ముందు గల్లీలోకి పోతారు. పోగొట్టుకున్న ఆడమనిషి గల్లీ నడుమ నిలబడి, కొంగు నడుముకు చెక్కి, తిడుతుంది. పేరు పెట్టదు, పెట్టకూడదు. ఎవడైతే ఉలికిపడి 'నన్నెందుకు తిడుతున్నవ్' అని బయటికొస్తాడో వాడే దొంగ. ఫోరెన్సిక్ ల్యాబ్ అక్కరలేని పద్ధతి.

గుర్వమ్మ పెద్దమ్మ ఆ రోజు గల్లీలో నిలబడింది.

"చాటుగొచ్చి పట్టినోని చేతులు వణక,
నడిపిచ్చుకపోయినోని కాళ్లు వణక,
నా పొట్టేలు తిన్నోని దవడలు వణక,
నిజమడిగితె చెప్పనోని నాలిక వణక..."

నాగేందర్ అప్పటికే ర్యాపర్. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. 'బ్రో, లైఫ్ ఒక రేస్' అనే అతని పాటను మా అమ్మ ఒకసారి చూసింది, అదీ వంటల వీడియో అనుకుని. ఆ రోజు అతను గోడ చాటున నిలబడి పెద్దమ్మ తిట్లను ఫోన్‌లో వీడియోగా పట్టాడు. కింద బీటు పరిచి ఆన్‌లైన్‌లో పెడతానని ఆమెనే అడిగాడు. గుర్వమ్మ పెద్దమ్మకు ఒకటే అనుమానం.

"పోన్ల ఏస్తె ఎంత దూరం ఇనవడ్తదిరా?"

"దునియా మొత్తం, పెద్దమ్మా."

"అట్లనా. అయితె ఎయ్యి. దొంగ యాడున్నా ఇంటడు."

నాగేందర్ కాసేపు ఆలోచించి, పొట్టేలు అన్న మాట మాత్రం తీసేయమని నాకు చెప్పాడు. అదుంటే పల్లెటూరి పాట అయిపోతుందట, తీసేస్తే దేశమంతా కనెక్ట్ అవుతుందట. బీప్ కూడా పెట్టొద్దన్నాడు. 'నాది తిన్నోని దవడలు వణక' అని నేను చాలా నీట్‌గా అతికించాను. నా కెరీర్‌లో ఒక్క బగ్ కూడా లేని పని అదే.

పాట పేలింది. 'వణక' అన్నప్పుడల్లా రెండు చేతులూ ముందుకు చాచి గజగజలాడించడం హుక్ స్టెప్ అయింది. పెళ్లిళ్లలో, బరాత్‌లలో, ఒక కాలేజీ ఫేర్‌వెల్‌లో ప్రిన్సిపాల్ సహా అందరూ వణికారు. వీడియో అయితే మొదటి నుంచి చివరి దాకా ఊగుతూనే ఉంది. నేను స్టెబిలైజ్ చేద్దామంటే టైమ్ లేదన్నాడు. హైదరాబాద్‌లో ఒక విమర్శకుడు ఆ కెమెరా కదలికలో 'అట్టడుగు జీవితాల అస్థిరత' కనిపించిందని పెద్ద వ్యాసం రాశాడు. అది చదివాక నేనూ స్టెబిలైజర్ గురించి మళ్లీ మాట్లాడలేదు.

ఆ తరవాత నాగేందర్ వెనక్కి చూసుకోలేదు. పోచంపల్లి ఇక్కత్‌తో హుడీలు కుట్టించాడు. మే నెలలో మా జిల్లాలో హుడీలు తొడిగించగలిగినవాణ్ని వ్యాపారవేత్త అనక తప్పదు. వణక సోడా తెచ్చాడు. చివరికి నా చేత యాప్ చేయించాడు. మీకు ఎవరి మీద కోపముంటే వాళ్ల ఫోన్‌కు గుర్వమ్మ పెద్దమ్మ గొంతుతో తిట్లు వెళతాయి. పక్కింటోళ్ల ప్యాక్, ఆడబిడ్డ ప్యాక్, మేనేజర్ ప్యాక్ అని మూడు రకాలు. అప్రైజల్ సీజన్‌లో మేనేజర్ ప్యాక్ తాకిడికి సర్వర్ పడిపోయింది. ఆమె గొంతును ఏఐకి నేర్పిస్తే అది మొదటి రోజే నన్ను తిట్టింది, అదీ నా ఇంటిపేరుతో.

ఈ ఘనత ఏదీ గుర్వమ్మ పెద్దమ్మకు పట్టలేదు. నేను ఎప్పుడు కనపడినా ఒకటే ప్రశ్న.

"ఎవడన్న ఉలికిండా బిడ్డా?"

కోటి మంది విన్నారు పెద్దమ్మా, ఒక్కడూ ఉలకలేదు అని చెప్పేదాన్ని. ఆ కోటిలో దొంగ లేడన్నట్టేనని ఆమె తేల్చేది. ఐలేశం పెద్దనాయిన మంచంలోంచి మోకాలు చూపించేవాడు. ఆయన లెక్కలో ఆ నొప్పి స్వామి పంపే రిమైండర్. ఇంకో పొట్టేలును ఇచ్చేద్దామని కులపెద్దలు అంటే ఒప్పుకోలేదు. మొక్కింది దాన్ని, దొంగ ఎవడో తేలితేనే స్వామి ఇంకోదాన్ని ముట్టుకుంటాడని ఆయన పట్టు. అట్లా జాతర్లు వచ్చిపోతున్నాయి.

కాబట్టి హాలియా సభలో మంత్రిగారి ముందు లైవ్‌గా తిట్టాలని అడిగితే గుర్వమ్మ పెద్దమ్మ వెంటనే ఒప్పుకుంది. పెద్ద పెద్దోళ్లు వస్తారు గదా, దొంగ ఆళ్ల ఎనక తిరిగేటోడే అయివుంటడని ఆమె అంచనా. పొట్టేలు మాట లేకుండా, యాప్‌లో ఉన్నట్టే తిట్టమని నాగేందర్ పదిసార్లు చెప్పాడు. బ్రాండ్ కన్సిస్టెన్సీ అన్నాడు. ఆమెకు ఆ ముక్క అర్థం కాలేదు గానీ పిలగాడు అడిగాడు కదా అని అలాగే తిట్టింది. మంత్రిగారు లేచి అందరికన్నా ఎక్కువగా వణికారు. ఆ తిట్లు ప్రతిపక్షానికే అని ఆయన నమ్మకం.

మర్నాటి పేపర్లు చూసి నేను నా కళ్లను నమ్మలేదు. చెరువు మట్టి తాను అమ్ముకోలేదని, అది దానంతటదే తగ్గిందని ఒక మాజీ సర్పంచ్ ఖండించాడు. వడ్ల తూకంలో తరుగు తీసింది నిబంధనల ప్రకారమేనని ఒక మిల్లు యజమాని వివరణ ఇచ్చాడు. స్కూలు ప్రహరీ గోడ అసలు కట్టనే లేదు కాబట్టి దాన్ని తిన్నారన్న ప్రశ్నే రాదని ఒక కాంట్రాక్టర్ లాజికల్‌గా నిరూపించాడు. ప్రతిపక్ష నాయకుడైతే, తనను వణకమనడం ప్రజాస్వామ్యాన్ని వణకమనడమేనని ధర్నాకు పిలుపునిచ్చాడు.

అన్నీ చదివి వినిపించాను. గుర్వమ్మ పెద్దమ్మ శ్రద్ధగా వింది.

"నాకు చెరువు యాడిది బిడ్డా, గోడ యాడిది? గీళ్లెవలు?"

జిల్లాలో ఖండించకుండా మిగిలిన ఏకైక నాయకుడు మంత్రిగారే అయ్యారు. అందరూ ఖండించారు, మీరెందుకు ఖండించలేదని ఒక విలేకరి అడిగేసరికి ఆయన నొచ్చుకున్నారు. మౌనంగా ఉంటే తప్పు చేసినట్టు, ఖండిస్తే ఉలికినట్టు. అందుకని ఆయన పీఏ మధ్యేమార్గం కనిపెట్టాడు. నల్గొండ క్యాంపు ఆఫీసులో ప్రెస్‌మీట్ పెట్టి, గుర్వమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటే, ఆ తిట్లు మంత్రిగారికి కావని జనమే అర్థం చేసుకుంటారు.

ఆ పొద్దున నాగేందర్ గొంతు పోయిందని, తాను రాలేనని చెప్పాడు. రెండెకరాల జాగా కాగితం అక్కడే ఇస్తారని పీఏ ఫోన్ చేశాక గొంతు వచ్చింది.

వేదిక మీద నడుమ మంత్రిగారు, ఒకపక్క గుర్వమ్మ పెద్దమ్మ, ఇంకోపక్క నాగేందర్. ముందు వరసలో మోకాలు పట్టుకుని ఐలేశం పెద్దనాయిన. మంత్రిగారు కాగితం నాగేందర్ చేతిలో పెట్టి, ఫోటోలయ్యాక, మైకు దగ్గరికి లాక్కుని ఎంతో నిండుగా మాట్లాడారు.

"నేను ఎవలదీ గుంజుకోలే. ప్రేమతోని ఇచ్చింది వద్దనలే. గంతే. ఎందుకు, ఈ నాగేందర్‌నే అడుగుండ్రి. నేను ఎమ్మెల్యేగ ఉన్నప్పుడు నా పుట్టినరోజుకు పొట్టేలును ఆటోల ఏస్కొని వచ్చిండు. సార్, మా ఇంటిదే, తీస్కొని నాకొక్క పాట ఛాన్స్ ఇయ్యిండ్రి అన్నడు. ఇచ్చిన. గా మైకు కాడ మొదలైనోడు ఇయ్యాల గిక్కడ కూసున్నడు."

విలేకరులు రాసుకున్నారు. ఆ హాల్లో అప్పటిదాకా ఎవరూ పొట్టేలు అన్న మాట ఎత్తలేదు. నాగేందర్ నీళ్ల సీసా ఎత్తి తాగాడు. మూత తియ్యలేదు.

గుర్వమ్మ పెద్దమ్మ నెమ్మదిగా అడిగింది.

"సారూ, దాని కొమ్ములెట్లుండె?"

"ఒకటి సగం ఇరిగి ఉండె అవ్వా. కుడిది. ఆటోల నుంచి దిగంగనే మా గన్‌మెన్‌ను పొడిచింది." మంత్రిగారు గుర్తు చేసుకుని నవ్వారు. "కూర మాత్రం మస్తుండె."

ముందు వరసలో ఐలేశం పెద్దనాయిన మోకాలి మీది చెయ్యి తీసేశాడు.

గుర్వమ్మ పెద్దమ్మ లేచింది. కొంగు నడుముకు చెక్కింది. నేను లైవ్ కెమెరా ఆమె వైపు తిప్పబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"నాగయ్యా, నువ్వు పట్టు బిడ్డా పోను. మొదాలు గూడ నువ్వే పట్టినవ్ గద."

నాగేందర్ ఒక చేతిలో జాగా కాగితం, ఒక చేతిలో ఫోను పట్టుకుని ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. ఆమె మొదలుపెట్టింది. పేరు పెట్టలేదు. నేను అంత శ్రద్ధగా తీసేసిన మాటను మాత్రం తిరిగి దాని జాగాలో పెట్టింది. మంత్రిగారు ఇది హబ్ ప్రమోషన్ అనుకుని చేతులు చాచి వణికారు. ఆయన వణికారని పీఏ, పీఏ వణికాడని విలేకరులు వణికారు.

సాయంత్రం ఊరికి తిరిగొస్తూ గుర్వమ్మ పెద్దమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఐలేశం పెద్దనాయిన మాత్రం హాలియాలో బండి ఆపించి, గొర్రెల అంగడి ఏ వారమని ఎవరినో కనుక్కున్నాడు.

వీడియో పాత రికార్డులన్నీ దాటింది. మొదటి నుంచి చివరి దాకా ఊగుతూనే ఉంది. హైదరాబాద్ విమర్శకుడు మర్నాడే రాశాడు: ఎంసీ నాగ్ మళ్లీ తన తొలినాటి శైలికి వచ్చాడని.